ముందు ఎదుటివాళ్ళ మాట

ఆ ఆదివారం ఇంట్లో అవ్వ ఉంది, బాపు ఉన్నాడు, అమ్మ ఉంది, నేను ఉన్నాను. వసారాలో అమ్మ నడిపే వరినాటు ముఠాలోని ఆడవాళ్ళు తొమ్మిది మంది గోడకానుకొని కూర్చున్నారు. మరునాడు ఎవరి మడిలో దిగాలో తేల్చుకోవడానికి వచ్చారు. యాసంగి నాట్లు మొదలయ్యాయంటే మా ఇల్లు రోజూ అంతే. చాయ గిన్నె పొయ్యి మీది నుంచి దిగదు.

అంతమంది ముందు నోరు తెరవాలని నేను అనుకోలేదు. నా సంగతి ఊరందరికీ తెలుసు. బస్సులో "ఆపండి" అని గట్టిగా అనలేక తరువాతి స్టేజీలో దిగి, మా కేతేపల్లి దాకా వెనక్కి నడిచి వచ్చిన పిల్లను. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకుంటాను. ఆ రోజు కూడా చేతిలో డైరీ ఉంది. అందులో మూడు పేజీలు రాసుకుని ఉన్నాను.

దానికి కారణం మంజులత మేడం. నల్లగొండలో మా డిగ్రీ కాలేజీలో మాకు మాట్లాడటం నేర్పే క్లాసు ఒకటుంది. రెండో సెమిస్టర్లో పాఠం పేరు 'ఒప్పించడం'. మేడంది పాలమూరు వైపు. మొదటి రోజే బోర్డు మీద ఏమీ రాయకుండా చెప్పారు: "సెమిస్టర్ అయ్యేలోపల మీ ఇంట్ల ఒక్క మనిషిని ఒక్క విషయానికి ఒప్పించుండ్రి. తర్వాత ఇక్కడికొచ్చి, అది ఎట్ల జరిగిందో ఐదు నిమిషాలు నిలబడి చెప్పుండ్రి. మూడు పనులు మాత్రం చెయ్యొద్దు. ఏడవొద్దు, అన్నం మానొద్దు, ఒట్టు పెట్టొద్దు."

"అవి లేకుంటే ఇంకేముంటది మేడం?" అంది వెనక బెంచీ నుంచి పూజ. క్లాసంతా నవ్వింది. మేడం కూడా నవ్వారు. "మాట ఉంటది," అన్నారు.

నేను ఎంచుకున్న విషయం అమ్మ పదో తరగతి. పంతొమ్మిదేళ్ళ కింద అమ్మ లెక్కల్లో తప్పింది. మళ్ళీ రాయలేదు. ఇప్పుడు నాటు నుంచి వచ్చిందంటే మోకాళ్ళ మీద చేతులు మోపి గానీ లేవలేకపోతోంది. మా ఊరి అంగన్‌వాడీలో పనిచేసే ఆమె వచ్చే ఏడు దిగిపోతుందని, పది పాసైన కాగితం ఉంటే అమ్మ కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చని విన్నాను. ఓపెన్ స్కూల్లో రాస్తే చాలు. ఏప్రిల్‌లో పరీక్షలు.

డైరీ తెరిచి, తల వంచుకుని, చదివాను. ఒకటో కారణం, రెండో కారణం, మూడో కారణం. ఆడవాళ్ళు చాయ తాగడం ఆపి విన్నారు.

బాపు పెద్దగా నవ్వాడు. "మీ అమ్మ పరీక్ష రాస్తే నాటు నువ్వేస్తవా బిడ్డా?"

"తల్లి పుస్తకం వట్టుకోని కూసుంటే గొడ్లకు కుడితి ఎవరు వెడ్తరే? నీ మేడం వచ్చి వెడ్తదా?" అంది అవ్వ.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ గ్లాసులు ఎత్తుకుంటూ, "మీ బాపు ఒప్పుకోడు తియ్యి," అంది. "రేపు చెరువు కింది మడి. ఏడింటికి బయలెల్లాలె." ఆడవాళ్ళందరూ మళ్ళీ మడుల మాటల్లో పడిపోయారు.

ఆ సాయంత్రం డైరీలో ఒకే వాక్యం రాశాను: బాపును ఒప్పించాలి.

*

వారం తర్వాత మేడం ఒక్కొక్కరినీ లేపి ఎంతవరకు వచ్చిందో అడిగారు. నా వంతు వస్తే నేను లేచి నిలబడ్డాను. డైరీ తీసి ఇచ్చాను. మేడం కిటికీ దగ్గర నిలబడి ఆ పేజీలన్నీ చదివారు.

"నీ మాట మూడు పేజీలు రాసినవ్ అక్షితా. మీ బాపు మాట ఒక్క లైను," అన్నారు. "ఆయన ఎందుకు వద్దంటున్నడో నీకు తెలుసా?"

తెలియదని తల ఊపాను.

మేడం క్లాసు వైపు తిరిగారు. "ఇది అందరికి చెప్తున్న. ముందు ఎదుటివాళ్ళ మాట మీరు చెప్పాలె. వాళ్ళకన్నా బాగ చెప్పాలె. 'అదే, నేను అనేది అదే' అని వాళ్ళ నోటితోని వచ్చేదాక మీ మాట మొదలుపెట్టొద్దు." తర్వాత మమ్మల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, ఎవరికి నచ్చని పక్షం వాళ్ళతో చెప్పించారు. ఫోను లేకుండా బతకొచ్చని పూజ వాదించాల్సి వచ్చింది. పాపం చెమటలు పట్టాయి.

నాకు ఆ మాట చెవిలో పడింది గానీ మనసుకెక్కలేదు. ఎదుటివాళ్ళ మాట మనమే బాగా చెప్తే వాళ్ళే గెలుస్తారు కదా అనిపించింది.

*

సెలవులు వచ్చాయి. ముఠాలో ఇద్దరికి జ్వరాలు. అమ్మ నన్ను మడిలోకి దింపింది. బురద మోకాళ్ళ దాకా వస్తోంది. నేను ఒక వరస నాటేలోపు అమ్మ మూడు వరసలు నాటుతోంది. ఆ రోజు మేము ఉన్నది బీరన్న పొలంలో. అరెకరం చెక్క. ఇంకా సగం మిగిలి ఉంది.

పొద్దున తొమ్మిదింటికి రాంచందర్ పటేలు బండి మీద వచ్చి ఒడ్డు మీద ఆగాడు. ఆయనది కాలువ కింద రెండెకరాలు.

"స్వరూపా! ఇది ఇడిసిపెట్టి నా మడిలకు రాండ్రి. రేపు మాపు అంటే నడువది!"

ముఠావాళ్ళు నడుములెత్తి అమ్మ వైపు చూశారు. పటేలుకు కోపం వస్తే సీజను మొత్తం పిలవడు. అమ్మ నారు కట్ట చేతిలో పట్టుకునే, బురదలో నిలబడే, మాట్లాడింది.

"పటేలా, నీ నారు ముదిరింది. ఇంకో రెండొద్దులైతే నాటినా ఎదుగది. ఎల్లుండి కాలువ బందు వెడ్తరు, మళ్ళ వారం దాక నీళ్ళు రావు. దున్నిన మడి ఎండిపోతది. ఊర్లె వేరే ముఠాలు ఖాళీగ లేవు. నువ్వు పొద్దుగాల్నుంచి నాలుగు ఊర్లు తిరిగొచ్చినవ్. గదే గదా నీ బాధ?"

పటేలు బండి దిగాడు. గొంతు తగ్గింది. "గదే స్వరూపా. గదే నేను జెప్పేది."

"బీరన్నకు మాటిచ్చిన. గిది ఒంటిగంటకు ఒడుస్తది. అప్పటిదాక నువ్వు ఊకె కూసుంటవా? నీ మనుషులతోని నారు వీకిచ్చి, కట్టలు గట్టిచ్చి, మడి ఒడ్డుకు దెచ్చి వెట్టు. మేం సద్ది దిని వచ్చుడు, దిగుడు. మాకు నారు మోసుడు తప్పుతది, నీకు ఇయ్యాల్నే నాటు వడ్తది."

ఆయన ఒక్క నిమిషం కాలువ వైపు చూశాడు. "ట్రాక్టర్ పంపుత మరి. ఎక్కి రాండ్రి," అని బండి తిప్పాడు.

ఆయన కనుమరుగయ్యేదాకా ఆగి ముఠా మొత్తం ఒక్కసారే నవ్వింది. "పటేలు తోని నారు మోయిస్తున్నవ్ గదనే తల్లీ!" అంది పక్క వరసలోని రమ పెద్దమ్మ.

"ఊకె అడిగితె ఎవడిస్తడే?" అంది అమ్మ. "ఆయనకేం గావాలెనో ముందు జూడాలె. మనం ఏమిస్తమో చెప్పాలె. అప్పుడు అడగాలె."

నేను నారు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. మేడం వారం రోజులు చెప్పినా నాకు ఎక్కనిది అమ్మ బురదలో నిలబడి రెండు నిమిషాల్లో చేసి చూపించింది. తాను చేసింది పాఠమని కూడా అమ్మకు తెలియదు.

"ఏందే, దిష్టిబొమ్మ లెక్క నిలవడ్డవ్? నాటు!" అంది.

*

మరుసటి ఉదయం బాపు వాకిట్లో ట్రాక్టర్ చక్రాల బురద కడుగుతున్నాడు. కిరాయికి దున్నడం బాపు పని. నేను నీళ్ళ బకెట్ అందిస్తూ మొదలుపెట్టాను. ఈసారి డైరీ చేతిలో లేదు.

"బాపూ, అమ్మ పరీక్షకు చదువుకుంటే ముఠాను చూసుకునేటోళ్ళు ఉండరు. నాట్లు పోతయి. అవ్వకు టైముకు అన్నం వెట్టేటోళ్ళు ఉండరు. పెండ్లాం గీ వయసుల బడికి పోతాందని ఊర్లె నిన్ను నవ్వుతరు. గదేనా బాపూ నీ బాధ?"

బాపు చీపురు పక్కన పెట్టాడు. 'గదే' అంటాడని ఎదురు చూశాను.

"నాకేం బాధ లేదు బిడ్డా," అన్నాడు.

"మరి?"

బాపు ఇంట్లోకి ఒకసారి తొంగి చూసి, నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించాడు. "ఫారం నింపి నెల దాటింది. నకిరేకల్ సెంటర్ల నేనే దగ్గరుండి నింపిచ్చిన, ఫీజు గూడ కట్టిన. మీ అమ్మ సంతకం గూడ వెట్టింది. తెల్లారేసరికి భయం వట్టుకున్నది. ఎవరన్న అడిగితే మా ఆయన ఒద్దన్నడని చెప్త, నీ మీద వెట్టుకో అన్నది. వెట్టుకున్న."

"అంతమంది ముందు నన్ను చూసి నవ్వితివి గదా!"

"నవ్వక ఏం జెయ్యాలె? నాకు నాటకాలు వస్తయా?" అని బాపు మళ్ళీ చీపురు తీసుకున్నాడు. "మీ అమ్మకు నేను చెప్పిన్నని చెప్పకు. నన్ను బతకనియ్యది."

ఆ రోజు డైరీలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. నేను ఇన్నాళ్ళూ ఒప్పించాలనుకున్న మనిషి ఎప్పుడో ఒప్పుకున్నాడు. ఒప్పుకోవాల్సిన మనిషిని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

*

అమ్మతో వాదించి నెగ్గినవాళ్ళు మా చుట్టుపక్కల లేరు. నాలుగు రోజులు ఆలోచించాను. అమ్మ ఎందుకు భయపడుతోంది? లెక్కలకా? పటేలుతో అంత ధైర్యంగా మాట్లాడే మనిషి నాలుగు లెక్కలకు భయపడుతుందా? ఐదో రోజు, రాంచందర్ పటేలుకు బావి కింద ఉన్న ఇంకో చెక్కలో, ముఠా అంతా సద్ది తిని చెట్టు నీడన నడుము వాల్చినప్పుడు, అమ్మ ఒక్కతే మిగిలిన మూల పూర్తి చేస్తానని దిగింది. నేనూ దిగాను.

ఇద్దరం వంగి నాటుతూనే ఉన్నాం. తలెత్తి అమ్మ ముఖం చూస్తే నాకు మాట రాదు. వంగి ఉండటమే మంచిదైంది.

"అమ్మా, నువ్వు మళ్ళ తప్పితే పటేలు ఒడ్డు మీద నిలవడి నవ్వుతడు," అన్నాను.

అమ్మ ఇంకో కుదురు నాటింది.

"ముఠావోళ్ళు మొఖం మీద అనరు గని, పది తప్పినదాని మాట మనమెందుకు వినాలె అనుకుంటరు. నీ దగ్గర ఉన్నదే మాట. అది వోతే ఎట్ల అని నీకు భయం. పెండ్లికి ముందు తప్పితే ఎవరికి తెల్వలేదు. ఇప్పుడు తప్పితే నా దోస్తులకు గూడ తెలుస్తది. అందుకే బాపు మీద పెట్టినవ్."

అమ్మ చేతిలో నారు అయిపోయింది. పక్కనున్న కట్ట విప్పింది. మూడు కుదుళ్ళు నాటింది.

"గదే," అంది.

అంత మెల్లగా అమ్మ మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. నేను నాటడం ఆపలేదు. అమ్మ కూడా ఆపలేదు. వరస చివరికి వచ్చాక అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"అయితె? నీ మాటేంది?"

అమ్మ మాట ఏమిటో ఆలోచించడంలోనే నాలుగు రోజులు గడిచాయి. నా మాట ఏమిటో ఆలోచించుకోనే లేదు.

"నా దగ్గర ఏం లేదమ్మా," అన్నాను. "నువ్వు తప్పవు అని నేను చెప్పలేను. లెక్కలు నేర్పిస్త. అంతే."

"నువ్వు నేర్పిస్తవ్, కష్టవడేది నేను. భయం నాది. మరి నువ్వేమిస్తవ్?" అమ్మ పటేలును చూసినట్టే నన్ను చూసింది.

ఇవ్వడానికి నా దగ్గర ఏముంది? భయమే ఉంది. అదే ఇచ్చాను. "క్లాసుల నిలవడి మాట్లాడుత. అరవై మంది ముందు."

అమ్మ కనుబొమ్మలు ఎగిరాయి. "నువ్వా?"

"నేనే."

"ఎన్ని నిమిషాలు?"

"ఐదు."

"కాగితం సూడకుండ?"

"సూడకుండ."

అమ్మ బురద చెయ్యి చాచింది. నేను బురద చెయ్యి కలిపాను. అప్పుడే లేచి వస్తున్న రమ పెద్దమ్మ, "తల్లీబిడ్డలు ఏం బేరమాడుతున్నరే?" అని అరిచింది. "నీకెందుకే, వచ్చి దిగు," అంది అమ్మ. గొంతు మళ్ళీ మామూలుగా అయింది.

*

ఆ తర్వాత మా ఇంట్లో సాయంత్రాలు మారిపోయాయి. వైశాల్యం అంటే అమ్మకు ఎక్కలేదు. బీరన్న చెక్క ఎన్ని గజాల పొడుగు, ఎన్ని గజాల వెడల్పు అని అడిగాను. కళ్ళు మూసుకుని చెప్పింది. గుణించమన్నాను. గుణించింది. "ఇంతేనా? గిదేనా వైశాల్యం?" అని పంతొమ్మిదేళ్ళ కిందటి సారును ఒక తిట్టు తిట్టింది. శాతాలు ముఠాలో ఎందరు వచ్చారు, ఎందరు రాలేదు అనే దాంట్లో తేలిపోయాయి. బీజగణితం మాత్రం ఏడిపించింది. "కనవడనిదాన్ని ఎక్స్ అనుడెందుకు? దానికో పేరు వెట్టొద్దా?" అంది. పేరు పెట్టాం. రాంచందర్ అని. ఆ తర్వాత లెక్క తప్పడం తగ్గింది.

అందరికన్నా ఎక్కువగా మారింది అవ్వ. మొదటి వారం గొణిగింది. రెండో వారం గొడ్లకు కుడితి తానే పెట్టింది. మూడో వారం గేటు దగ్గర మంచం వేసుకుని కూర్చుంది. ఎవరొచ్చినా, "స్వరూప సదువుకుంటాంది. పొద్దుగాల రా," అని పంపించేసేది. ఒకసారి రాంచందర్ పటేలునే పంపించేసింది. ఆయన కోపం తెచ్చుకోకుండా, "మంచిగ సదువుకోమను జానమ్మా," అని వెళ్ళిపోయాడు. అమ్మ లోపల పుస్తకం వెనక నవ్వు ఆపుకోలేకపోయింది.

ఫిబ్రవరి చివర్లో నా వంతు వచ్చింది. పొద్దున్నే అమ్మ నా సంచీలోంచి డైరీ తీసి తన దిండు కింద పెట్టుకుంది. "బేరం బేరమే," అంది.

క్లాసులో లేచి ముందుకు వెళ్ళాను. గోడ గడియారం చూశాను. అరవై ముఖాలు. మేడం చివరి బెంచీలో కూర్చున్నారు. ఎవరో దగ్గారు.

"మా అమ్మ పేరు స్వరూప," అన్నాను. "నాటు ముఠాకు మేస్త్రి."

ఆ తర్వాత మాట దానంతట అదే నడిచింది. పటేలు ఒడ్డు మీదికి రావడం చెప్పాను. అమ్మ ఎట్లా నిలబడిందో నిలబడి చూపించాను. బాపు చీపురు పట్టుకుని గుట్టు విప్పడం చెప్తే క్లాసు పగలబడి నవ్వింది. మడిలో 'గదే' అన్న మాట చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు.

చివర్లో ఎవరైనా ఎదురు వాదించవచ్చని మేడం అన్నారు. పూజ లేచింది. "నువ్వు మీ అమ్మను ఒప్పించలే. మీ అమ్మనే నిన్ను ఒప్పించింది. నిన్ను ఇక్కడ నిలబెట్టింది ఆమెనే. అసైన్‌మెంటు నీది కాదు, మీ అమ్మది!"

క్లాసంతా "ఓ" అంది. మామూలుగా అయితే నేను కూర్చునేదాన్ని.

"అసైన్‌మెంటు నాది కాదు, గెలిచింది అమ్మ అంటున్నావు. నేను గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదంటున్నావు. అదేనా పూజా?"

"అదే!"

"నిజమే, అమ్మ నన్ను ఒప్పించింది. అందుకే ఇక్కడ నిలబడ్డాను. ఇప్పుడు మా ఇంటికి వెళ్ళి చూడు. అమ్మ లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుని ఉంటుంది. నువ్వు అడిగింది ఎవరు గెలిచారని. మాలో ఓడింది ఎవరో నువ్వే చెప్పు."

పూజ నోరు తెరిచి, మూసి, నవ్వి, చప్పట్లు కొట్టింది. తర్వాత అందరూ కొట్టారు. మేడం గడియారం వైపు వేలు చూపించారు. ఐదు నిమిషాలు అనుకున్నది పదకొండు అయింది. గంట ఎప్పుడు కొట్టారో ఎవరికీ వినబడలేదు. బయటికి వస్తుంటే మేడం, "వచ్చే సెమిస్టర్ల మీ అమ్మను ఒక్క రోజు మా క్లాసుకు పంపుతవా? పాఠం చెప్పనీకె," అన్నారు. వేళాకోళానికి అన్నారేమో అని ముఖం చూశాను. కాదు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. "పదకొండా?" అంది అమ్మ. "మాట్లాడుకున్నది ఐదే గదా. ఆ ఆరు నిమిషాలు నా లెక్కల ఎయ్యకు." అంటూనే వెనక్కి తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత గేటు దాకా వెళ్ళి, అవ్వకు చెప్పి, అక్కడి నుంచి రమ పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. చీకటి పడేసరికి పదకొండు నిమిషాల సంగతి ఊరంతా తెలిసింది.

*

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయి. కోతలకు మిషన్లు దిగాయి, ముఠాకు పని లేదు. తెలుగు, సోషల్ పరీక్షలు అయిపోయాయి. ఆ రోజు లెక్కలు.

బస్సు స్టేజీ దగ్గరికి ముఠా మొత్తం వచ్చింది. అవ్వ కూడా కర్ర పట్టుకుని వచ్చింది. ఇద్దరం నకిరేకల్ బస్సెక్కి, ఆధార్ కార్డులు చూపించి ఉచిత టికెట్లు తీసుకున్నాం. దారంతా అమ్మ వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకుంటూ కూర్చుంది.

పరీక్ష ఒక హైస్కూల్లో. నంబరు వెతుక్కుని అమ్మ గది దగ్గరికి వెళ్ళాం. మనసాగక నేనూ గుమ్మం దాకా వెళ్ళాను. ఆ రోజు ఆ గదికి కొత్త సారు. ఆయన మమ్మల్నిద్దరినీ చూసి, నాకు బెంచీ చూపించాడు. "రామ్మా, కూర్చో, టైమైంది." అమ్మ వైపు తిరిగి, "తల్లిదండ్రులు లోపలికి రావద్దమ్మా. బయట నీడకు కూర్చోండి," అన్నాడు.

గదిలో కూర్చున్న వాళ్ళందరూ తలలెత్తారు. అమ్మ ముఖం ఎర్రబడింది. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో, "సార్, మీరు అట్లా అనుకోవడంలో తప్పు లేదు, ఎందుకంటే..." అని గట్టిగా మొదలుపెట్టాను.

అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపింది. హాల్ టికెట్ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"సార్, పరీక్ష నాది," అంది. "ఇది నా బిడ్డ. తోడొచ్చింది."

సారు హాల్ టికెట్ చూశాడు, ఫొటో చూశాడు, అమ్మను చూశాడు. పక్కకు జరిగి, "రాండమ్మా," అన్నాడు. ఆ 'అమ్మా' ఇందాకటి 'అమ్మా' కాదు.

అమ్మ లోపలికి నడిచింది. మూడో వరసలో తన నంబరు చూసుకుని, పెన్నూ స్కేలూ బెంచీ మీద పెట్టింది. నేను ఇంకా గుమ్మంలోనే ఉన్నాను.

"అమ్మా, సూత్రం ముందు రాయి. ఎక్స్ కనబడితే భయపడకు. ఆఖరికి ఒక పది నిమిషాలు మిగుల్చుకుని..."

అమ్మ లేచి వచ్చింది. నవ్వుతోంది.

"అక్షితా, ఇంకొక్క మాట మాట్లాడినవంటే నాకొచ్చింది గూడ వోతది. పో బిడ్డా, నీడకు కూసో," అని, నా ముఖం మీదే తలుపు వేసేసింది.